నాలుగో హద్దు

కనకదుర్గ హరిబాబు దగ్గర చీర పుచ్చుకుని అచ్చియ్యమ్మ పొలానికి ఉత్తరం హద్దు మార్చేసిందని చోడవరంలో చెప్పుకుంటారు. మొదట చెప్పినప్పుడు అది మామూలు చీర. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గరికి వచ్చేసరికి పట్టుచీర అయింది. వడ్డాది సంతకి చేరేసరికి చీరతోపాటు చెవిదుద్దులు కూడా వచ్చాయి.

"నోటితో ఒకటి సదివింది, కాయితం మీద ఇంకోటి కొట్టింది. ముసల్ది ఏలిముద్ర ఏసీసింది" అంటారు చెప్పేవాళ్లు.

"మరి కంప్యూటర్లో అక్సరాలు అంతంత పెద్దవి ఎందుకు పెట్టుకునీదనుకున్నావు? ఎనకాల బెంచీ మీద హరిబాబు మనుషులు కూసుని సదూకోడానికే" అని వినేవాళ్లు అందుకుంటారు.

ఈమధ్య కోర్టు వరండాలో ఆమె హరిబాబుకి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉండగా చూశామని కూడా కలిపారు. ఇంకేం కావాలి, చీర సంగతి నిజమేనని తేలిపోయింది.

ఇలా చెప్పుకునేవాళ్లలో చాలామందికి ఆమె వీపు తప్ప ముఖం తెలీదు. గణపతిరావు దస్తావేజుల షాపులో ఆమె కుర్చీ గోడవైపు ఉండేది. రాయించుకోడానికి వచ్చే పార్టీలు వెనక బెంచీ మీద కూర్చుని ఆమె జడనీ, జడ పక్కనుంచి కంప్యూటర్‌నీ చూసేవారు. ఇరవై రెండేళ్లు అలాగే గడిచాయి.

పదో తరగతి తప్పాక తండ్రి ఆమెను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు. తెలుగు టైపు లోయరు పాసైంది, హయ్యరు పాసైంది. పెళ్లయిన నాలుగో ఏడు భర్త సత్తిబాబు చెయ్యి చెరుకు క్రషర్లో పడి మూడు వేళ్లు పోయాయి. అప్పట్నుంచి ఆ ఇంట్లో పది వేళ్లున్న మనిషి ఆమే. ఆ పది వేళ్ల మీదే ఇల్లు నడిచింది.

షాపులో ఆమెకు పని నేర్పింది సుల్తాన్‌గారు. అనకాపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. కొత్త దస్తావేజు ఎవరూ మొదటి అక్షరం నుంచి కొట్టరు. అదే ఊరిది, అదే సర్వే నంబరుది పాత దస్తావేజు ఫైలు ఒకటి వెతికి తెరుస్తారు. అందులో పేర్లు తీసి పేర్లు పెడతారు, తేదీ మారుస్తారు, విస్తీర్ణం మారుస్తారు, చివర్న హద్దులు మారుస్తారు. "పాత చొక్కాకి కొత్త బొత్తాలు కుట్టినట్టు అమ్మా. బొత్తాలు లెక్కపెట్టుకోవాలి, అంతే" అనేవారాయన. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. ప్రతి దస్తావేజులోనూ అదే వరస. సెంట్లు ఎన్ని రాసినా, గొడవ వచ్చిన రోజున హద్దులదే పైమాట అని కూడా ఆయనే చెప్పారు.

ఒకసారి సుల్తాన్‌గారు సర్వే నంబరులో ఎనిమిదిని మూడుగా కొట్టారు. సంతకాలు కాకముందే దొరికింది. ఎవరికీ నష్టం లేదు. అయినా గణపతిరావు ఆ సాయంత్రం, పార్టీలు వెళ్లిపోయాక, "భాయ్, కళ్లు కనబడనోళ్లకి ఈ కుర్చీ కాదు. ఇది పొలాల యవ్వారం" అన్నాడు. సుల్తాన్‌గారు కళ్లజోడు తీసి డబ్బాలో పెట్టుకున్నారు. ఆ డబ్బా అన్నం కారియరు సంచిలో పెట్టుకున్నారు. మళ్లీ రాలేదు. కనకదుర్గ గోడవైపు తిరిగి టైపు చేస్తూనే ఇదంతా విన్నది.

ఆ సంగతి జరిగిన తొమ్మిదేళ్లకి ఆమెకు షుగరు కళ్లకెక్కింది. విశాఖపట్నంలో కంటి ఆసుపత్రికి సత్తిబాబు తీసుకెళ్లాడు. కంటి వెనక సన్న నరాలు చిట్లాయన్నారు. ఎడమకన్ను వెలుతురు తప్ప మరేమీ పట్టదు, పోయింది రాదు. కుడికన్నులో మిగిలింది నిలబెట్టడానికి సూదులు వెయ్యాలి. ఇదంతా రాసిచ్చిన కాగితాన్ని ఆమె ఇంటికి తెచ్చి, ట్రంకుపెట్టెలో టైపు సర్టిఫికెట్ల కింద పెట్టింది.

"గణపతిరావుగారికి సెప్పీ, పోనీ" అన్నాడు సత్తిబాబు.

"సెప్పి?"

అతను తన చేతివైపు చూసుకున్నాడు.

సరిగ్గా నెల తిరిగేసరికి గణపతిరావు విశాఖపట్నం నుంచి పెద్ద మానిటరు తెచ్చాడు. పాతది కాలిపోయింది. కొత్తది కిటికీ రెక్కంత ఉంది. కంప్యూటర్లు బాగుచేసే ఉమామహేష్ వచ్చి బిగించాడు. స్విచ్ వెయ్యగానే కనకదుర్గకి తెరమీద ఏదో నల్లటి పొడి చల్లినట్టు కనిపించింది.

"ఏటి బాబూ ఇవి, చీమలా?" అంది.

"ఫోర్ కే అక్కా. పాతదాన్లో ఉన్న చుక్కలకి నాలుగింతలుంటాయి దీన్లో. చుక్క చిన్నదైపోనాది, దాంతో అక్షరమూ చిన్నదైపోనాది. స్కేలు పెంచుకోవాల" అని ఉమామహేష్ సెట్టింగులు తెరిచాడు. డిస్‌ప్లేలోకి వెళ్లి స్కేలు నూరు నుంచి నూట యాభై చేశాడు. మెనూలూ ఫైళ్ల పేర్లూ అన్నీ పెరిగాయి. తెలుగు టైపు చేసే పాత సాఫ్ట్‌వేర్ మాత్రం తడి అద్దం వెనక ఉన్నట్టు మసకేసింది. "ఇది పాతకాలందక్కా, దీనికీ తెర సంగతి తెల్దు. ఒకసారి సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికొచ్చేవనుకో, తిన్నగవుతాది" అని అది కూడా చేసి చూపించాడు.

గణపతిరావు వెనక నిలబడి చూస్తున్నాడు. "నూరే ఉంచరా. పేజీ మొత్తం కనబడాల. పార్టీ అలా బెంచీ మీద కూసుంటే దస్తావేజు ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్క సూపులో కనబడాల. అందుక్కాదేటి ఇంత పెద్దది తెచ్చింది?"

"నూరు పెడితే ఎవులికి కనబడతాది సార్?"

"దుర్గకి కనబడతాది. నువ్వు లాగులేసుకున్న కాడ్నించి కొడతంది. ఏటి దుర్గా?"

ఆమె తెరవైపే చూస్తూ, "కనబడతన్నాదండి" అంది.

ఆ రోజు నుంచి ఆమెకు దొంగతనం అలవాటైంది. గణపతిరావు పార్టీలను తీసుకుని రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లగానే చేస్తున్న ఫైలు మూసి, స్కేలు మూడు వందలకి పెంచి, సైన్ అవుట్ అయి మళ్లీ లోపలికి వచ్చేది. ఆయన చెప్పుల చప్పుడు మెట్ల దగ్గర వినబడేసరికి మళ్లీ నూరుకి దించేసేది. పేజీ ఒక్కదాన్నే పెద్దది చేసుకునే వీలు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. కానీ తాను తెరుస్తున్న ఫైలు పేరేమిటో, ఏ బొత్తాం మీద నొక్కుతోందో తెలిసేది కాదు. ఒకసారి ఒకరి వీలునామా బదులు ఇంకొకరి తనఖా తెరిచి సగం మార్చేసింది. ఆ తర్వాత మూడు వందలే దిక్కయింది.

మూడు వందల దగ్గర అక్షరం బొటనవేలంత ఉండేది. పేజీలో ఎనిమిది, తొమ్మిది వరసలకు మించి కనబడేవి కావు. తెర అడుగున ఉండే పట్టీ కూడా లావెక్కి ఇంకో వరసని మింగేసేది. బెంచీ మీద కూర్చున్న రైతులకి ఇది వేడుక. "ఏటమ్మా, సినిమా ఏస్తన్నావా?" అని ఒకాయన అంటే, "టిక్కెట్టు లేదు, సూసీ మావా" అని ఇంకొకాయన అన్నాడు. ఆమె కూడా నవ్వింది. పుకారులో పెద్ద అక్షరాలు అలా వచ్చి చేరాయి.

ప్రింటరు బాగుచెయ్యడానికి వచ్చినప్పుడు ఉమామహేష్ ఒకసారి ఆ మూడు వందలని చూశాడు. ఎవరూ లేకుండా చూసి, "అక్కా, సార్‌కి సెప్పీయొచ్చు కదా. ఒక్క సెట్టింగే కదా" అన్నాడు.

"సెట్టింగు కాదు బాబూ. ఎందుకు పెంచేవని అడుగుతాడు."

ఆషాఢం వెళ్లి మంచి రోజులు మొదలైన వారం. షాపు బయట దాకా జనం ఉన్నారు. అచ్చియ్యమ్మ పొద్దున్నే తొలి ఆటోలో బుచ్చయ్యపేట నుంచి వచ్చి బెంచీ మీద మొదటి చోటు పట్టుకుంది. అరవై దాటిన మనిషి. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి ఇతరుల చెరుకు తోటల్లో గడ్డి లాగింది, ఆకు చుట్టింది. తనదంటూ అరెకరం, మీదున్న చెరుకుతో సహా, ఇప్పుడు కొంటోంది. అమ్ముతున్న గౌరీశంకర్ ఆమె పక్కనే కూర్చున్నాడు, నెమ్మదైన మనిషి. ఆయన పొలంలో దక్షిణం చెక్క రెండేళ్ల కిందట హరిబాబు కొనుక్కున్నాడు. మిగిలిన ఉత్తరం చెక్క ఈమెకి.

"రాసుకో తల్లీ" అంది అచ్చియ్యమ్మ. "తూరుపు గెడ్డ. దచ్చినం హరిబాబు. పడమట గుడి మాన్యం. ఉత్తరం రోడ్డు. పంచాయితీ రోడ్డు."

"తెలుసు పిన్నీ."

"తెలిస్తే మంచిదే. నాను మళ్లీ సెప్తాను. ఉత్తరం రోడ్డు."

కనకదుర్గ రెండేళ్ల కిందటి హరిబాబు దస్తావేజు ఫైలే తెరిచింది. అదే ఊరు, అదే సర్వే నంబరు, అమ్మేవాడూ అతనే. అందులో ఉత్తరం హద్దు "గౌరీశంకర్ మిగులు భూమి" అని ఉంది. అప్పటికి అది సరైన మాట. గణపతిరావు ఇంకో పార్టీతో ఆఫీసులో ఉన్నాడు. స్కేలు మూడు వందల మీద ఉంది. పేర్లు మార్చింది, తేదీ మార్చింది, విస్తీర్ణం మార్చింది. హద్దుల దగ్గరికి వచ్చింది. తూర్పున పారే గెడ్డే, మార్చక్కర్లేదు. దక్షిణం హరిబాబు పేరు పెట్టింది. పడమర మాన్యమే, అదీ మార్చక్కర్లేదు. తెర అక్కడితో అయిపోయింది. నాలుగో వరస అడుగు పట్టీ కింద ఉంది. మౌసు చక్రం ఒక్కసారి తిప్పితే పైకి వచ్చేది.

అప్పుడే గణపతిరావు గుమ్మంలో జనం వెనకనుంచి కేకేశాడు. "దుర్గా, పదకొండున్నర స్లాటు. ప్రింటు తీసీసేవా?"

"తీసీస్తన్నానండి."

ప్రింటు ఇచ్చింది. ఇచ్చిన వెంటనే మూసేసి, నూరుకి దించేసి, సైన్ అవుట్ అయింది. కాగితాలు వేడివేడిగా చేతికి వచ్చాయి. సంతకాలకి ముందు పార్టీకి చదివి వినిపించాలి. అది టైపు చేసినవాళ్ల పని. చదివి వినిపించగా విని ఒప్పుకున్నామని దస్తావేజులోనే ఉంటుంది. ఆ కాగితం మీద అక్షరాలు ఆమెకు బూడిదరంగు గీతలు. గీతల మీద వేలు నడిపిస్తూ, ఎక్కడ ఏముంటుందో ఇరవై రెండేళ్ల అలవాటుతో చెప్పుకుంటూ పోయింది. హద్దులు కూడా అలాగే చెప్పింది.

"ఉత్తరం పంచాయతీ రోడ్డు."

"ఆ ఆకర్ది మళ్లీ సదువమ్మా" అంది అచ్చియ్యమ్మ.

"ఉత్తరం పంచాయతీ రోడ్డు పిన్నీ."

"అదీ. రోడ్డుంటే బండెళ్తాది."

గణపతిరావు దస్తావేజు లేఖరి సంతకం పెట్టేశాడు. దుర్గ కొట్టినదాన్ని ఆయన చదివి చాలా ఏళ్లయింది. గౌరీశంకర్ కళ్లజోడు ఇంటి దగ్గర మర్చిపోయానని నవ్వి సంతకం చేశాడు. అచ్చియ్యమ్మ వేలిముద్ర వేసి, సిరా వేలిని తలకి రాసుకుంది.

కార్తీకంలో గౌరీశంకర్ పోయాడు. గుండెపోటు. నెల మాసికం కాకుండానే హరిబాబు అచ్చియ్యమ్మ దస్తావేజు నకలు తీయించాడు. అచ్చియ్యమ్మకి ఉత్తరాన ఇంకా గౌరీశంకర్ మిగులు భూమి ఉన్నట్టు రాసి ఉంది. కొలిస్తే పల్లెటూరి పొలం ఎప్పుడూ నాలుగైదు సెంట్లు అటూ ఇటూ ఉంటుంది. ఆ నాలుగైదు సెంట్లూ రోడ్డు పక్క పట్టీగా, గౌరీశంకర్ కొడుకు చేత తన పేర రాయించుకున్నాడు. రాతి స్తంభాలు పాతి ముళ్లతీగ లాగేశాడు. లోపల అచ్చియ్యమ్మ చెరుకు మనిషి ఎత్తున ఉంది. బండి వెళ్లే దారి లేదు.

ఆమె దస్తావేజు పాలిథీన్ కవరులో పెట్టుకుని షాపుకి వచ్చింది. అరవలేదు. బెంచీ మీద కూర్చోలేదు. తిన్నగా కనకదుర్గ కుర్చీ దగ్గరికి వచ్చి కాగితం చేతికిచ్చింది.

"సదువు తల్లీ. ఆవేళ సదివేవు కదా, అలాగే సదువు."

కనకదుర్గకి ఏం జరిగిందో తెలీదు. గణపతిరావు బల్ల దగ్గర నుంచి తలెత్తి చూస్తున్నాడు. ఆమె హద్దులుండే చోట వేలుపెట్టి, తూర్పు చెప్పింది, దక్షిణం చెప్పింది, పడమర చెప్పింది. "ఉత్తరం పంచాయతీ రోడ్డు" అంది.

గణపతిరావు లేచి వచ్చి కాగితం లాక్కుని చదివాడు. మళ్లీ చదివాడు. మెల్లగా, "గౌరీశంకర్ మిగులు భూమి అని ఉంది కదే" అన్నాడు.

బెంచీ మీదున్నవాళ్లు మెడలు సాచారు.

"కాయితం సేతిలో పెట్టుకుని, నా కళ్లెదురుగా లేంది సదూతన్నావా? ఏటి నీ ఉద్దేశం? ఎవుడిచ్చేడు నీకు?"

రెండే జవాబులున్నాయి. నాకు కనబడదు అనొచ్చు. లేదంటే నోరు మూసుకోవచ్చు. సుల్తాన్‌గారి కళ్లజోడు డబ్బా ఆమెకు గుర్తొచ్చింది. మోసం చేసినవాళ్లకి ఎప్పటికైనా ఎక్కడో ఓ కుర్చీ దొరుకుతుంది. కనబడనివాళ్లకి దొరకదు. ఆమె నోరు మూసుకుంది. రేపట్నుంచి రావద్దన్నాడు గణపతిరావు. బెంచీ మీదున్న ఏడెనిమిది మందీ ఆ మౌనాన్ని తలా కాస్త ఊళ్లకి మోసుకెళ్లారు. సాయంత్రానికి అది చీర అయింది.

"పట్టుచీరంట కదే" అన్నాడు సత్తిబాబు రాత్రి కంచం ముందు కూర్చుని. "ఏది, ఓపాలి కట్టుకో. నానూ సూస్తాను."

ఆమె నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

పదిహేను రోజులకి వడ్డాదిలో కొత్తగా దస్తావేజుల షాపు పెట్టిన ఒకాయన కబురు పంపాడు. సత్తిబాబు వెళ్లి మాట్లాడి వచ్చాడు. "సీర సంగతి నాకనవసరం, సెయ్యి తిరిగిన మనిషి కావాల అన్నాడే. ఒకటే అడిగేడు. కళ్లు బావున్నాయా అని."

"ఏటన్నావు?"

"బావున్నాయన్నాను."

వచ్చే సోమవారం నుంచి రమ్మన్నారు. ఆ ఆదివారం కనకదుర్గ ఆటో ఎక్కి బుచ్చయ్యపేట వెళ్లింది. ఎందుకు వెళ్తోందో సత్తిబాబుకి చెప్పలేదు. పొలం దగ్గర చెరుకు కొడుతున్నారు. కొట్టిన చెరుకుని ఆడవాళ్లు మోపులు కట్టి, నెత్తిన పెట్టుకుని గెడ్డలోంచి మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి, అర మైలు చుట్టు తిరిగి రోడ్డు మీదికి మోస్తున్నారు. వారం కిందట కొట్టింది గట్టు మీదే ఎండిపోయి ఉంది. ఎండిన చెరుకు వాసన ఆమెకు తెలుసు. కళ్లు అక్కర్లేదు. స్తంభం తగిలి చీర కుచ్చిళ్లు తీగకి పట్టుకుంటే, విడిపించడానికి తడుముకుంటూ అక్కడే నిలబడిపోయింది.

అచ్చియ్యమ్మ మోపు దించి వచ్చింది. చేత్తో తీగ విడిపించింది. "ఎందుకొచ్చేవు?" అంది.

కనకదుర్గ సంచిలోంచి కంటి ఆసుపత్రి కాగితం తీసి ఇచ్చింది. ఇచ్చి చెప్పింది. తెర సంగతి, మూడు వందల సంగతి, పట్టీ కింద ఉండిపోయిన వరస సంగతి. చదివింది చదవడం కాదని, నోటికొచ్చింది చెప్పానని.

అచ్చియ్యమ్మ చాలాసేపు కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "కనబడకపోతే కనబడ్డం లేదని సెప్పాల. మళ్లీ సదువమ్మా అన్నాను కదే. ఆవేళ ఓపాలి, కాయితం తెచ్చి ఇంకోపాలి అడిగేను."

"అడిగేవు పిన్నీ."

"నీ కళ్లు పోతే నానేటి సేసేది. నాకు దారి కావాల."

"దావా వేస్తన్నావంటన్నారు. లాయరుగారికి ఇది ఇయ్యి. పొరపాటే గానీ గౌరీశంకర్‌గారు భూమి మిగుల్చుకోలేదని నేనొచ్చి సెప్తాను."

"కోర్టులో పెడితే ఊరందరికీ తెలిసిపోద్ది. మరి నీకెవులు పనిస్తారు?"

"ఎవులూ ఇవ్వరు."

అచ్చియ్యమ్మ కాగితం మడిచి జాకెట్టులో దోపుకుంది. ఊరుకోమని గానీ, నీ తప్పేం లేదని గానీ అనలేదు. బిందెలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి ఆమె చేతికి అందించి, మళ్లీ మోపు ఎత్తుకోడానికి వెళ్లిపోయింది.

సోమవారం కనకదుర్గ వడ్డాది వెళ్లలేదు. ఆ కుర్చీలో ఇప్పుడు ఇంకెవరో కూర్చున్నారు. ముళ్లతీగ ఇంకా అలాగే ఉంది. వాయిదాలు పడుతున్నాయి. రెండో ఏటి చెరుకు కూడా గెడ్డలోంచే వెళ్లింది. కుడికన్ను సూదులు మధ్యలో ఆగిపోయాయి.

కోర్టు వరండాలో ఆమె హరిబాబుకి నాలుగడుగుల దూరంలో నిలబడిన మాట నిజమే. ఆ రోజు సాక్షుల పట్టీలో ఆమె పేరు మొదటిది, అచ్చియ్యమ్మ తరఫున. మెట్లు కనబడక ఆగిపోతే, చెయ్యి పట్టుకుని వరండా మీదికి ఎక్కించింది కూడా అచ్చియ్యమ్మే.